గడ్డితో పాటు పప్పుజాతి మేత: శ్రీకాకుళం, విజయనగరం పాడి రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది గజపతినగరం వైపు. రెండు గేదెలు, ఒక ఆవు. బోరు దగ్గర ముప్పై సెంట్లలో గడ్డి, దాని మధ్యన పప్పుజాతి మేత కలిపి పెంచుతున్నాం. దారిన పోయే రైతులు గట్టు మీద ఆగి అడిగిన ప్రశ్నలు, చుట్టాలు ఫోన్ చేసి అడిగినవి ఇక్కడ రాస్తున్నాను. మన నేలలకు, మన వానలకు సరిపోయే సంగతులే రాశాను.

వరిగడ్డి ఇంటి నిండా ఉంది, తవుడు పెడుతున్నాం. మళ్ళీ మేత పెంచడం ఎందుకు?

వరిగడ్డి కడుపు నింపుతుంది, పాలు ఇవ్వదు. అందులో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే. పశువు పెద్ద పొట్టలో ఉండే సూక్ష్మజీవులు పీచును అరగదీయాలంటే మేతలో కనీసం ఏడు శాతమైనా ఉండాలి. అది లేకపోతే తిన్న గడ్డి కూడా సరిగా అరగదు, మేపు తగ్గుతుంది. మాఘం దాటాక పశువు ఎముకలు బయటపడటం, ఈనిన గేదె నెలల తరబడి ఎదకు రాకపోవడం మన ఊళ్ళలో ఏటా చూస్తున్నదే. ఎండుగడ్డిలో విటమిన్ ఎ కి మూలమైన కెరోటిన్ దాదాపు ఉండదు. పచ్చిమేతలో అది దండిగా ఉంటుంది.

వరిగడ్డి మానేయమని చెప్పడం లేదు. అది పునాది, దాని మీద పచ్చిమేత పడాలి. చోడిగడ్డి దొరికే ఊళ్ళలో ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. అది వరిగడ్డి కన్నా మేలైనది, దాన్ని పారేయకండి.

పచ్చగడ్డి వేస్తున్నాం కదా, పప్పుజాతి కూడా కలపాలా?

కలపాలి. నేను ఇంత పొడుగు రాయడానికి కారణం ఈ ఒక్క ప్రశ్నే.

నేపియర్, గినీ లాంటి గడ్డిలో మాంసకృత్తులు ఎనిమిది నుంచి పదకొండు శాతం దాకా ఉంటాయి. ముదిరితే ఇంకా తగ్గుతాయి. అలసంద, దశరథ గడ్డి (పేరుకే గడ్డి, నిజానికి పప్పుజాతి మొక్క) లాంటి మేతలో పదహారు నుంచి ఇరవై శాతానికి పైనే ఉంటాయి. రెండూ కలిపి పెడితే దాణా ఖర్చు కొంత దిగుతుంది.

రెండో కారణం చాలామందికి తెలియదు. నేపియర్‌లో ఆక్సలేట్ అనే పదార్థం ఎక్కువ. అది మేతలోని కాల్షియంను పట్టేసుకుని పశువు ఒంటికి అందనివ్వదు. వరిగడ్డిలోనూ ఆక్సలేట్ ఉంది. వరిగడ్డి, నేపియర్ ఈ రెండే తినే గేదెకు ఒంట్లో సున్నం తరుగుతుంది. ఈనిన వెంటనే కూలబడటానికి ఇలాంటి లోటు కూడా ఒక కారణం కావచ్చు. పప్పుజాతి మేతలో కాల్షియం ఎక్కువ కాబట్టి ఆ లోటు కొంత పూడుతుంది. రోజుకు యాభై గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం మాత్రం ఎలాగూ ఇవ్వాల్సిందే.

మూడోది నేల సంగతి. పప్పుజాతి వేళ్ళ మీద బుడిపెల్లో ఉండే రైజోబియం అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. అది పక్కన ఉన్న గడ్డికి వెంటనే అందిపోతుందని అనుకోకండి. రాలిన ఆకు, చచ్చిన వేరు కుళ్ళినప్పుడు నెమ్మదిగా అందుతుంది. రెండో ఏడు మా పొలంలో ఆ తేడా కళ్ళకు కనిపించింది.

సూపర్ నేపియర్‌లో మాంసకృత్తులు బాగా ఉంటాయని, ఇంకేమీ అక్కర్లేదని చెబుతున్నారు. నిజమేనా?

ఏ నేపియర్‌లోనైనా మాంసకృత్తులు రకం కన్నా కోసే వయసు మీద, వేసిన ఎరువు మీద ఎక్కువ ఆధారపడతాయి. లేతగా కోస్తే ఎక్కువ, తలకు మించి పెంచి కోస్తే తక్కువ. ఆకు కన్నా కాండం ఎక్కువైతే పశువు గాడిలోనే వదిలేస్తుంది. కో-4, ఏపీబీఎన్-1, సూపర్ నేపియర్ ఏదైనా వేసుకోండి, పక్కన పప్పుజాతి సాలు మాత్రం ఉండాలి. పిలకలు అమ్మేవాళ్ళు ఎకరాకు చెప్పే దిగుబడి లెక్కలు విని గేదెలు కొనేయకండి.

మా నేలకు ఏ జోడీ బాగుంటుంది?

బోరు నీరు ఉన్న ఎర్ర గరప నేల అయితే హైబ్రిడ్ నేపియర్‌తో దశరథ గడ్డి. మా పొలంలో ఉన్నది ఇదే. ఒకసారి నాటితే రెండూ మూడు నాలుగేళ్ళు ఉంటాయి.

వాన మీదే ఆధారపడే గరువు భూమి అయితే అంజన్ గడ్డి, దానితో స్టైలో అనే పప్పుజాతి మేత. స్టైలో ఎండకు తట్టుకుంటుంది, బలం లేని నేలలోనూ బతుకుతుంది. మేకలు, గొర్రెలు ఉన్నవాళ్ళకు ఈ జోడీనే చెబుతాను.

ఉద్దానంలో కొబ్బరి తోట అయితే గినీ గడ్డి. నీడకు ఓర్చుకునే గడ్డి అది. దానితో స్టైలో వేసుకోవచ్చు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ వైపు కొబ్బరి, జీడి చెట్లు ఎన్ని కూలాయో మనందరికీ తెలుసు. మళ్ళీ నాటిన తోటల్లో మొక్కల మధ్య ఎండ బాగా పడుతుంది. కొమ్మలు కమ్ముకునే దాకా ఆ జాగాలో మేత పెంచుకోవచ్చు. చెట్టు పాదు చుట్టూ మాత్రం ఒకటిన్నర, రెండు మీటర్లు వదిలేయాలి, లేకపోతే గడ్డి ఎరువంతా లాగేస్తుంది.

నీళ్ళు నిలిచే పల్లంలో, చెరువు కాలువ పక్కన పారా గడ్డి ఒక్కటే. అక్కడ దశరథ, స్టైలో, లూసర్న్ వేస్తే వేళ్ళు కుళ్ళిపోతాయి. పప్పుజాతిని గట్టు మీదకు తీసుకుపోండి.

ఒక్క సీజనుకే కావాలంటే మొక్కజొన్న రెండు సాళ్ళు, అలసంద ఒక సాలు. ఆఫ్రికన్ టాల్ మొక్కజొన్న బాగా ఏపుగా వస్తుంది. యాభై అయిదు, అరవై రోజులకు కలిపి కోసేయొచ్చు. తొలకరికి వేసినా, నీరుంటే సంక్రాంతి దాటాక వేసినా పనికొస్తుంది.

నేపియర్, దశరథ కలిపి ఎలా నాటాలి?

దుక్కి దున్ని, పది సెంట్లకు ఒక టన్ను దాకా బాగా మాగిన పెంట వేసి కలియదున్నండి. రెండడుగుల దూరంలో బోదెలు వేయండి. మూడు సాళ్ళు నేపియర్, నాలుగోది దశరథ. ఈ వరస అంతటా ఇలాగే పోవాలి. నేపియర్‌కు రెండు కణుపులున్న ముచ్చె (కాండం ముక్క) గాని, వేరు పిలక గాని తీసుకుని, ఒక కణుపు నేలలోకి, ఒకటి పైకి ఉండేలా అడుగున్నర దూరంలో ఏటవాలుగా గుచ్చాలి. పది సెంట్లకు దాదాపు వెయ్యి పిలకలు పడతాయి.

దశరథ మొదట్లో చాలా నెమ్మదిగా పెరుగుతుంది. రెండూ ఒకే రోజు వేస్తే నేపియర్ నీడలో అది పాలిపోయి సన్నబడిపోతుంది. మొదటిసారి మాకు అలాగే జరిగి సగం సాళ్ళు పోయాయి. తర్వాత దశరథను మూడు నాలుగు వారాలు ముందుగా విత్తి, మొక్క బెత్తెడు ఎత్తు వచ్చాక నేపియర్ నాటాము. అప్పటి నుంచి ఇబ్బంది లేదు. మృగశిర కార్తెలో వాన పడగానే విత్తితే ఆరుద్ర దాటాక నేపియర్ నాటొచ్చు. మొదటి నెలా నెలన్నర కలుపు తప్పకుండా తీయండి.

దశరథ విత్తనం వేసి పదిహేను రోజులైంది, పదిలో ఒకటి కూడా మొలవలేదు. విత్తనం నకిలీదా?

నకిలీ కానక్కర్లేదు. దశరథ, స్టైలో, సుబాబుల్ విత్తనాలకు పైపొర రాయిలా గట్టిగా ఉంటుంది. నీళ్ళు లోపలికి పోవు. నేను కూడా కొట్టువాడితో గొడవపడి వచ్చాకే ఈ సంగతి తెలుసుకున్నాను.

నీళ్ళు బాగా కాగనిచ్చి, పొయ్యి మీద నుంచి దించండి. బుడగలు ఆగిపోయి కొద్దిగా చల్లారాక, అంటే 80 డిగ్రీల దగ్గర, విత్తనం పోసి నాలుగు అయిదు నిమిషాలు ఉంచండి. పొయ్యి మీదే ఉడికిస్తే విత్తనం చచ్చిపోతుంది. వెంటనే వడగట్టి చన్నీళ్ళలో పోసి రాత్రంతా నానబెట్టండి. తెల్లారి చూస్తే కొన్ని గింజలు ఉబ్బి, పైపొర మెత్తబడి ఉంటాయి. వేలితో నొక్కితే తెలుస్తుంది. నీడలో ఆరబెట్టి అదే రోజు విత్తేయండి. స్టైలో ఎకరాకు నాలుగు కిలోలు చాలు. ఈ విత్తనాలు చాలా చిన్నవి, లోతుగా వేస్తే బయటికి రావు. పైపైన వేసి ముళ్ళకంపతో ఒకసారి లాగితే సరిపోతుంది.

రైజోబియం పట్టించాలా? పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

ఆ పొలంలో ఇంతకుముందు ఆ జాతి పంట వేయకపోతే పట్టించడం మంచిది. బెల్లం నీళ్ళు పల్చగా కాచి చల్లార్చి, విత్తనం మీద చల్లి, పొడి కలిపి, నీడలో ఆరబెట్టి విత్తాలి. వేడినీళ్ళ పని ముందు, రైజోబియం తర్వాత. ఏ పంటకు ఆ పొట్లం వేరుగా ఉంటుంది, అడిగి తీసుకోండి. దాన్ని ఎండలో పెట్టిన బండి డిక్కీలో ఇంటికి తెస్తే అందులో బతికేది ఏమీ ఉండదు.

చూసుకోవడానికి, నలభై రోజుల వయసులో ఒక అలసంద మొక్కను మట్టి గడ్డతో సహా తవ్వి తీయండి. లాగితే బుడిపెలు తెగి నేలలోనే ఉండిపోతాయి. బకెట్ నీళ్ళలో ముంచి మట్టి కరగనివ్వండి. వేళ్ళకు పెసర గింజంత బుడిపెలు కనిపిస్తాయి. ఒకటి తీసి గోటితో చీల్చండి. లోపల లేత నెత్తురు రంగు ఉంటే అది పనిలో ఉన్నట్టు. తెల్లగా, ఆకుపచ్చగా ఉంటే పనిచేయడం లేదు. మా చిన్నవాడికి ఇది చూపించినప్పటి నుంచి ఏ మొక్క దొరికినా పీకి వేళ్ళు చూస్తున్నాడు.

యూరియా వేయొచ్చా?

గడ్డికి వేయాలి, పప్పుజాతికి వద్దు. నత్రజని నేలలో ఎక్కువగా దొరికితే బుడిపెలు పని మానేస్తాయి. ప్రతి కోత తర్వాత పది సెంట్లకు మూడు నాలుగు కిలోల యూరియా, నేపియర్ సాళ్ళ పక్కనే వేసి నీరు పెట్టండి. దశరథ సాలుకు సూపర్ ఫాస్ఫేట్ వేయండి. పశువుల సాల కడిగిన నీళ్ళు నేపియర్ వైపు మళ్ళిస్తే యూరియా ఇంకా తగ్గించుకోవచ్చు. యూరియా ఎక్కువ వేసి వెంటనే కోసి పెడితే గడ్డిలో నైట్రేట్ పెరిగి పశువుకు ప్రమాదం. ముఖ్యంగా మబ్బు రోజుల్లో, వాన లేక వాడినప్పుడు జాగ్రత్త.

వరి కోశాక మినుము, పెసర వేస్తాం. మేతకు పొలం ఎక్కడుంది?

మినుము డబ్బు తెస్తుంది, దాన్ని మానేయమని ఎవరూ చెప్పరు. కానీ ఇంటికి దగ్గరలో ఒక మడి పిల్లిపెసర అనే పప్పుజాతి మేతకు వదలండి. మన కోస్తాలో ఇది పాత పద్ధతి, మా తాతల కాలంలో చాలా ఇళ్ళకు ఉండేది. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, కాలు పెడితే తడి తగిలే పదునులో చల్లేస్తారు. దుక్కి అక్కర్లేదు, నీరు అక్కర్లేదు. కొయ్యకాళ్ళ మధ్య నుంచి తీగలా పాకుతుంది. పూత మొదలయ్యాక కోయొచ్చు, పదును ఉంటే మళ్ళీ చిగురిస్తుంది. మిగిలింది తొలకరిలో దున్నేస్తే వరికి పచ్చిరొట్ట.

మినుము, పెసర నూర్చాక మిగిలే పొట్టు, వేరుశనగ కట్టె కూడా మంచి పప్పుజాతి మేతే. కళ్ళంలో తగలబెడుతున్నారు కొందరు, అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. వానకు తడవకుండా ఒక మూల కప్పిపెట్టండి చాలు.

జీడితోటలో స్టైలో వేస్తే పిక్క ఏరుకోవడం కష్టం కాదా?

కష్టమే, కాబట్టి లెక్క వేసుకుని కోయాలి. జీడి పిక్క రాలేది వేసవిలో, నేల శుభ్రంగా ఉండాలి. ఆలోపే స్టైలోను నేలకు జానెడు ఎత్తులో కోసి ఎండబెట్టి దాచుకోండి. వేసవికి అదే ఎండుమేత అవుతుంది. ఎండిన మేతను తోటలోనే వదిలేస్తే నిప్పు ప్రమాదం కూడా. పాత తోటల్లో కొమ్మలు నేలను తాకుతుంటే అక్కడ ఏ మేతా రాదు, ప్రయత్నించి విత్తనం పోగొట్టుకోవద్దు.

ఎప్పుడు కోయాలి?

నేపియర్ మొదటి కోత డెబ్బై, డెబ్బై అయిదు రోజులకు, తర్వాత నలభై అయిదు రోజులకోసారి. దశరథ మొదటి కోత తొంభై రోజులకు, తర్వాత నలభై రోజులకోసారి. మొదటి కోత తర్వాత రెండూ దాదాపు కలిసి వస్తాయి. దశరథను మరీ నేలకు కోయకండి, మూర నుంచి మూరెడున్నర మోడు ఉండాలి. పొలం మొత్తం ఒక్కసారి కోయకుండా భాగాలు చేసుకుని రోజుకు కొంత కోస్తూ పోతే ఏడాది పొడుగునా లేతమేత దొరుకుతుంది.

ఒక్కో పశువుకు ఎంత పెట్టాలి? ఎన్ని సెంట్లు కావాలి?

పాలిచ్చే పెద్ద పశువుకు రోజుకు పాతిక, ముప్పై కిలోల పచ్చిమేత మంచిది. అందులో రెండు వంతులు గడ్డి, ఒక వంతు పప్పుజాతి. అంత లేకపోయినా పదిహేను కిలోలు పెట్టి మిగతాది వరిగడ్డితో నింపొచ్చు. ఎకరాకు ఏటా అరవై టన్నులు వస్తాయనుకుంటే, పది సెంట్లలో ఆరు టన్నులు, అంటే రోజుకు పదహారు కిలోలు. అందుకే పశువుకు పది సెంట్లు అని నేను చెబుతాను. నీరు, పెంట బాగా ఉంటే ఇంతకన్నా ఎక్కువే వస్తుంది. లెక్క మాత్రం తక్కువ మీదే వేసుకోండి.

అంగుళం ముక్కలుగా నరికి, గడ్డి, దశరథ, వరిగడ్డి కలిపి పెట్టండి. నరక్కుండా విడిగా పడేస్తే మా పెద్దగేదె మూతితో తోసి తోసి దశరథ ఆకంతా ఏరుకుని తినేసి, నేపియర్ కాడలను కాళ్ళ కింద తొక్కేస్తుంది. కొత్తగా పెట్టేటప్పుడు వారం పది రోజులు కొద్దికొద్దిగా పెంచుతూ అలవాటు చేయాలి.

పప్పుజాతి మేత తిని కడుపు ఉబ్బితే?

తడిగా, లేతగా ఉన్న అలసంద గాని లూసర్న్ గాని ఆకలి మీద ఉన్న పశువుకు ఒక్కటే పెడితే ఉబ్బుతుంది. ఎడమ డొక్క పొంగి, వేలితో కొడితే డప్పులా మోగుతుంది. ముందు కొంచెం వరిగడ్డి తిననిచ్చి, మంచు ఆరిన మేతను గడ్డితో కలిపి పెడితే ఈ బాధ రాదు. ఉబ్బితే ముందుకాళ్ళు ఎత్తు మీద ఉండేలా నిలబెట్టండి. వెంటనే డాక్టరును పిలవండి, 1962 నంబరుకు చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఈలోగా పావులీటరు వంటనూనె నెమ్మదిగా తాగించొచ్చు. మెడ పైకెత్తి గబగబా పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే పశువు దక్కదు.

జొన్న విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. లేత జొన్నలో, వానలేక వాడిన జొన్నలో, కోశాక వచ్చిన పిలకల్లో సైనైడ్ విషం తయారవుతుంది. పూత రాకముందు జొన్న చేలోకి పశువును వదలకండి. తిన్న కొద్ది నిమిషాలకే ఊపిరి ఆడక పడిపోతుంది. మందు డాక్టరు దగ్గరే ఉంటుంది, ఇంటి వైద్యంతో సమయం పోగొట్టుకోవద్దు.

వేసవికి దాచుకోవడం ఎలా?

పప్పుజాతిని ఎండబెట్టడం మంచి దారి. అయితే ఆకు పెళుసుగా రాలిపోతుంది, బలమంతా ఆ ఆకులోనే ఉంది. మంచు ఆరీ ఆరకముందే పొద్దున్నే తిరగేయాలి, మిట్టమధ్యాహ్నం ముట్టుకోకూడదు. పచ్చిమేతను పాతరేసి మాగబెట్టడాన్ని సైలేజ్ అంటారు. సైలేజ్‌కు మొక్కజొన్న పాల గింజ గట్టిపడే దశలో కోసి, అలసంద నాలుగో వంతుకు మించకుండా కలిపి పాతరలో గాలి లేకుండా తొక్కాలి. నలభై అయిదు రోజులకు తయారవుతుంది. పప్పుజాతి ఒక్కటే పాతరేస్తే తీపి తక్కువై కుళ్ళు వాసన వస్తుంది.

సెంటు భూమి కూడా లేదు. మాకేం దారి?

పెరట్లో, సాల చుట్టూ, గట్ల మీద అవిసె, గ్లైరిసిడియా, సుబాబుల్ నాటుకోండి. అవిసె ఆకు మేకలు ప్రాణంగా తింటాయి. సుబాబుల్‌లో మైమోసిన్ అనే విష పదార్థం ఉంటుంది కాబట్టి మేతలో మూడో వంతు దాటనివ్వకండి. గ్లైరిసిడియా వాసనకు మొదట పశువు మొహం తిప్పుకుంటుంది, ఒక పూట వాడ్చి గడ్డితో కలిపి పెడితే అలవాటవుతుంది.

సలహాకు ఎవరి దగ్గరికి పోవాలి?

శ్రీకాకుళం వాళ్ళకు ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం, నైర వ్యవసాయ కళాశాల ఉన్నాయి. విజయనగరం వాళ్ళకు గరివిడి పశువైద్య కళాశాల దగ్గర. విత్తనం మీద, మేత నరికే చాఫ్ కట్టర్ మీద రాయితీ ఏటా మారుతుంది, మీ పశువుల ఆసుపత్రిలో తొలకరికి ముందే అడగండి. నేపియర్ పిలకలు మాత్రం కొనక్కర్లేదు. పెంచుతున్న రైతు ఎవరైనా కోత రోజున అడిగితే ఒక మోపు ఇస్తారు, వెయ్యి పిలకలు ఆ మోపులోనే ఉంటాయి.